విధికుని పూర్ణఘటం: శిల్పంలో సంకేతాలను చదవడం ఎట్లా?

అమరావతి పేరు చెప్పగానే తెలుగు చదువుకున్నవాళ్ళకు “నాగబు” జ్ఞాపకం వస్తుంది. అక్కడి రాతిమీద వున్న ఆ మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మనకు చూపించారు. తొలి తెలుగు పదమని పాఠ్యపుస్తకాలు దాన్ని నేర్పుతాయి, పరీక్షల్లో అడుగుతారు. మంచిదే. కాని అదే చోట, అదే రకపు రాతిమీద మరొక పేరు వున్నది. దాన్ని ఎవరూ పరీక్షల్లో అడగరు. ఆ పేరు విధికుడు. తాను చర్మకారుణ్ణని అతను ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కించుకున్నాడు. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకునని చెప్పుకున్నాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టపక్కాలతో కలిసి మహాస్తూపానికి ఒక పలక దానం చేశానన్నాడు. ఆ పలక ఎటువంటిదో కూడా శాసనం చెప్తుంది. పూర్ణఘటం చెక్కిన పలక.

2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రాజముద్రను అమరావతి శిల్పాన్ని అనుసరించి కొత్తగా తీర్చుకున్నది. చుట్టూ ధర్మచక్రం, మధ్య పూర్ణఘటం. అంతకు ముందున్న ముద్రలోనూ పూర్ణకుంభమే వుండేది. అయితే కొత్త ముద్రలోని ఘటం ధాన్యకటకపు చర్మకారుడు, నాగుని కొడుకు విధికుని పూర్ణఘటమేనని ప్రభుత్వం ఇచ్చిన వర్ణనలోనే వున్నది. ఆ విధంగా ఒక చెప్పులు కుట్టే కులంవాని కానుక ఒక రాష్ట్రానికి గుర్తయింది. ఆ గుర్తు ప్రభుత్వ కాగితాలన్నిటిమీదకూ, కులధ్రువీకరణ పత్రంమీదకు కూడా ఎక్కింది.

ఆ ఘటానికి అర్థమేమిటని ఎవరినైనా అడిగితే “సమృద్ధి” అంటారు. తప్పు కాదు. కాని అంతటితో ఆగితే మనం సంకేతాన్ని చదివినట్టు కాదు, దాని పక్కన రాసివున్న చీటీని చదివినట్టు. ఎవరి సమృద్ధి? ఎవరు కోరిన సమృద్ధి? ఒక చర్మకారుడు ఆ బొమ్మనే ఎందుకు ఎంచుకున్నాడు? అది రాజముద్ర అయినప్పుడు దాని అర్థంలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది? ఈ ప్రశ్నలు వేసుకోవడం తెలియకపోతే చిత్రమైనా, శిల్పమైనా మనకు మూగదిగానే మిగులుతుంది. కవిత్వాన్ని విమర్శించడంలో మనవాళ్ళు ఎంతో కొంత అలవాటు సంపాదించారు. శిల్పం ముందు నిలబడినప్పుడు మాత్రం చాలామందికి నోట మాట రాదు. లేదా “ఆహా” అన్న ఒక్క మాటే వస్తుంది. ఈ వ్యాసం ఆ లోటును గురించి.

2

శిల్ప సంకేతాలను చదివేవారిలో మూడు రకాలవాళ్ళు మనకు తరచు తారసపడతారు.

మొదటిరకం నిఘంటువు పండితులు. పద్మమంటే పవిత్రత, చక్రమంటే ధర్మం, ఘటమంటే సమృద్ధి, సింహమంటే శౌర్యం అని వీరి దగ్గర ఒక పట్టిక వుంటుంది. బొమ్మను చూడగానే పట్టిక తీస్తారు. వీరి దృష్టిలో అర్థమనేది ఎవరో ఋషులు ఒకసారి నిర్ణయించిపెట్టినది, అది మారదు. అర్థం తెలిసినవాడు జ్ఞాని, తెలియనివాడు పామరుడు.

రెండోరకం సౌందర్యవాదులు. వీరికి అర్థంతోనే పని లేదు. గీతలోని ఒంపు, దేహాల్లోని లయ, రాతిమీద వెలుగునీడలు, ఇవే కళ అంటారు. అమరావతి శిల్పంలో ఆ ఒంపూ లయా నిజంగానే వున్నాయి. అయితే నాలుగు దేహాలు ఒక ఖాళీ పీఠం ముందు ఎందుకు వంగాయో తెలుసుకోకుండా ఆ వంపును పొగడడం, మాటలు తెలియని పాటకు తల వూపడం వంటిది.

మూడోరకం మన పంక్తిలోనే వున్నారు. అందువల్ల వారిని గురించి కాస్త గట్టిగానే చెప్పుకోవాలి. వీరు స్తూపాన్ని చూసి “వర్తకవర్గపు మిగులు” అంటారు. చక్రాన్ని చూసి “రాజ్యాధికారం” అంటారు. బొమ్మను పూర్తిగా చూడకముందే తీర్పు సిద్ధంగా వుంటుంది. ఉత్పత్తి సంబంధాలు కళకు పునాది అన్నంత మాత్రాన ప్రతి రాతిపువ్వుకింద ఒక పన్నురసీదు దొరుకుతుందని కాదు. పునాదినుంచి శిఖరందాకా ఎన్ని అంతస్తులున్నాయో అన్నీ ఎక్కి చూడాలి. మెట్లు ఎక్కకుండా మేడమీది సంగతి చెప్పేవాణ్ణి ఎవరూ నమ్మరు. ఇటువంటి యాంత్రిక వ్యాఖ్యానాలవల్ల కళాప్రియులైన విద్యార్థులు మనకు దూరమైపోతున్నారు.

ఈ ముగ్గురిలోనూ ఒక పోలిక వున్నది. సంకేతాన్ని వాడిన మనుషులను ముగ్గురూ మరచిపోతారు.

3

సంకేతమంటే ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం కోసం మనం మరీ దూరం పోనక్కరలేదు. మన అలంకారశాస్త్రం శబ్దానికి మూడు శక్తులు చెప్పింది: అభిధ, లక్షణ, వ్యంజన. మాట తన అర్థాన్ని నేరుగా చెప్పడం అభిధ. గంగలో గొల్లపల్లె వున్నదంటే నీళ్ళలో వూరుండదు కాబట్టి గంగ ఒడ్డున అని గ్రహిస్తాం. సంబంధాన్ని పట్టుకుని పక్క అర్థానికి పోవడం లక్షణ. ఈ రెంటికీ అందని అర్థాన్ని సందర్భం స్ఫురింపజేయడం వ్యంజన. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ఈ మూడోదాన్నే కావ్యానికి ఆత్మ అన్నాడు. ఆ సిద్ధాంతం చుట్టూ అల్లుకున్న ఆధ్యాత్మికపు పొగను తొలగించి చూస్తే, అది చిత్రశిల్పాలకు కూడా పనికివచ్చే సాధనం.

అమరావతి, సాంచీ, భర్హుత్ తొలి శిల్పాల్లో బుద్ధుడు మనిషిరూపంలో కనిపించడు. ఆయన వుండవలసిన చోట మరేదో వుంటుంది. రాతిమీద రెండు పాదాల ముద్రలుంటాయి. నడిచినవాడు లేడు, అడుగుజాడ వున్నది. అడుగుకూ అడుగు వేసినవానికీ వున్న సంబంధంవల్ల అర్థం పుట్టింది, ఇది లక్షణ. చక్రం సంగతి వేరు. చక్రానికీ బోధకూ పోలిక లేదు, జాడ లేదు. సారనాథ్‌లో చేసిన తొలి ఉపదేశాన్ని ధర్మచక్రం తిప్పడమన్నారు. ఆ ఒప్పందం తెలిసినవాడికే చక్రం మాట్లాడుతుంది. పక్కన రెండు లేళ్ళు చెక్కితే లేళ్ళవనం గుర్తుకువచ్చి ఆ అర్థం స్థిరపడుతుంది. ఇక బోధివృక్షంకింద ఖాళీ ఆసనం. చుట్టూ జనం చేతులు జోడించి వున్నారు, మధ్య ఎవరూ లేరు. వంగిన తలలవల్లా జోడించిన చేతులవల్లా ఆ ఖాళీ నిండిపోతుంది. ఇది వ్యంజన.

సాంచీ తూర్పు తోరణంమీద సిద్ధార్థుడు ఇల్లు విడిచిన ఘట్టం వున్నది. ఒకే గుర్రాన్ని వరుసగా మళ్ళీ మళ్ళీ చెక్కారు. గుర్రంమీద ఎవరూ లేరు. పైన గొడుగు పట్టివున్నది. చివరికి ఆ గొడుగు గుర్రాన్ని విడిచి రెండు పాదముద్రలమీదకు పోతుంది. వెనక్కు తిరిగిన గుర్రంమీద గొడుగు లేదు. చదువు రాని పల్లెటూరి యాత్రికుడికి కూడా ఈ కథ అర్థమవుతుంది: గొడుగు ఎక్కడో మనిషి అక్కడ. రాకుమారుడు దిగిపోయాడు, గుర్రం ఒంటరిగా ఇంటికి వస్తున్నది.

ఇక్కడొక విడ్డూరం గమనించాలి. గొడుగు రాజచిహ్నం. ఆసనమూ రాజసభదే. రాజ్యాన్ని వదలివేసినవాణ్ణి చూపడానికి శిల్పి రాజచిహ్నాలనే వాడాడు. ఎందుకని? ఆ సమాజానికి గౌరవాన్ని తెలిపే భాష మరొకటి లేదు. పెద్దవాణ్ణి పెద్దవాడిగా చూపాలంటే రాజుకు చేసే మర్యాద చెయ్యాలి. త్యాగాన్ని సింహాసనం భాషలో చెప్పక తప్పలేదు. అయితే ఆ సింహాసనంమీద ఎవరినీ కూర్చోబెట్టలేదు. కాలం పెట్టిన హద్దూ, ఆ హద్దులోనే చేసిన ధిక్కారమూ రెండూ ఆ ఖాళీ పీఠంమీద కనిపిస్తాయి. వర్గసమాజంలో పుట్టిన గొప్ప కళ అంతటిలోనూ ఈ వైరుధ్యం ఏదో ఒక రూపంలో వుంటుంది. విమర్శకుడు దాన్ని దాచకూడదు, అది వున్నదని కళను పారవేయనూ కూడదు.

4

ఈ ఖాళీ పీఠాన్ని పండితులు ఎట్లా చదివారో చూస్తే మనకు మరికొన్ని పాఠాలు దొరుకుతాయి.

1868లో జేమ్స్ ఫెర్గూసన్ అమరావతి, సాంచీ శిల్పాలమీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. దాని పేరు “వృక్ష సర్ప పూజ”. రాళ్ళమీద చెట్లు కనిపించాయి, నాగులు కనిపించాయి, వాటికి మొక్కుతున్న మనుషులు కనిపించారు. కాబట్టి చెట్టుపూజ, పాముపూజ అన్నాడు. అభిధ దగ్గరే ఆగిపోయిన చదువుకు ఇది మంచి ఉదాహరణ. అందులో సత్యాంశం లేకపోలేదు; చెట్టును, నాగుని కొలిచే జనమే బౌద్ధంలోకి వచ్చారు, తమ కొలువును వెంట తెచ్చుకున్నారు. కాని ఆ చెట్టుకింద ఆసనం ఎందుకున్నదో ఆ చదువు చెప్పలేదు.

తరువాత ఫ్రెంచి పండితుడు ఫూషే వచ్చాడు. పుణ్యక్షేత్రాలకు పోయినవాళ్ళు అక్కడినుంచి తెచ్చుకునే చిన్న గుర్తులనుంచి ఈ చిహ్నాలు పుట్టాయనీ, శిల్పులు అలవాటుకొద్దీ వాటినే పట్టుకున్నారనీ, బుద్ధుని మానవప్రతిమ గాంధారంలో గ్రీకు ప్రభావంతో తయారైందనీ వాదించాడు. చిహ్నానికి పుట్టుక యాత్రికుల ఆచరణలో వున్నదన్న మాట విలువైనది. ప్రతిమ మాత్రం బయటినుంచి వచ్చి వుండాలనడంలో వలసపాలన నాటి అహంకారం వాసన కొట్టింది. 1927లో ఆనంద కుమారస్వామి దానికి గట్టి జవాబిచ్చాడు. యక్షవిగ్రహాలు చెక్కిన దేశీయ శిల్పసంప్రదాయంలోనే బుద్ధప్రతిమకు మూలం చూపించాడు. అయితే 1935లో ఆయనే బౌద్ధచిహ్నాలన్నిటినీ వైదికమూలాలకు తీసుకుపోయాడు. అమరావతిలోని అగ్నిస్తంభంలో వేదంలోని అగ్నిని చూశాడు. పాండిత్యం అపారం, కాని ఆ పద్ధతిలో సంకేతం సనాతనమైపోయింది. చరిత్ర లేని అర్థం ఆకాశంలో నిలిచిపోయింది. కుమారస్వామి వలసవాదుల నోరు మూయించినందుకు కృతజ్ఞత చూపుతూనే, ఈ భావవాదాన్ని మనం అంగీకరించకుండా వుండవచ్చు.

1990లో సూసన్ హంటింగ్టన్ మరో మాట అన్నది. ఈ శిల్పాల్లో చాలావాటిలో బుద్ధుని జీవితఘట్టాలే లేవు. బుద్ధుడు పోయిన తరువాత ఆ స్థలాలకు వచ్చి మొక్కుతున్న యాత్రికులు వున్నారు, అంటే ఆసనం ఖాళీగా వుండడం సహజమే అన్నది. మరుసటి ఏడాదే విద్యా దెహేజియా దానికి సమాధానం రాసింది: ఒకే చిహ్నం ఒక చోట బుద్ధుడు కావచ్చు, ఒక చోట పుణ్యక్షేత్రం కావచ్చు, మరొక చోట ధర్మానికి గుర్తు కావచ్చు, సందర్భాన్నిబట్టి పోల్చుకోవాలి.

దెహేజియా మాట మనకు దగ్గరగా వున్నది. సంకేతానికి అర్థాలు ఒకటికి మించి వుండవచ్చు. అంతమాత్రాన ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకోవచ్చునని కాదు. పక్కనున్న బొమ్మ, కింద వున్న శాసనం, దాన్ని నిలిపిన చోటు, దాని ముందు జరిగిన ఆచారం, ఇవన్నీ అర్థానికి గట్లు వేస్తాయి. గట్లు లేని నీరు ఏ చేనికీ పారదు.

బుద్ధుని మనిషిరూపంలో చూపకపోవడానికి హీనయానం పెట్టిన నిషేధం కారణమనీ, మహాయానం రాగానే ప్రతిమ వచ్చిందనీ మన పాఠాల్లో చాలాకాలం చెప్పారు. కాని అటువంటి నిషేధాన్ని స్పష్టంగా చెప్పే ప్రాచీన గ్రంథం లేదు. పైగా అమరావతిలో కొంతకాలం చిహ్నమూ ప్రతిమా పక్కపక్కనే నడిచాయి. చెన్నై మ్యూజియంలోని ఒక గుండ్రని ఫలకంమీద మదించిన నాలగిరి ఏనుగు వీధినపడి జనాన్ని చెదరగొట్టడం, ఆపైన బుద్ధుని ముందు మోకరించడం రెండూ ఒకే బొమ్మలో వున్నాయి; అక్కడ బుద్ధుడు మనిషే. బ్రిటిష్ మ్యూజియంలో వున్న ఒక పలక ఇంకా విచిత్రం. దానికి ఒకవైపు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో బోధివృక్షమూ ఖాళీ ఆసనమూ చెక్కారు. సుమారు మూడు వందల ఏళ్ళ తరువాత అదే రాయిని తిప్పి, వెనకవైపు స్తూపాన్ని సర్వాలంకారాలతో చెక్కారు. మొదటి బొమ్మ గోడవైపు పోయింది. ఒక తరం మొక్కిన సంకేతాన్ని మరొక తరం వెనక్కు తిప్పి రాయిని మాత్రం వాడుకున్నది. సంకేతం సనాతనమని చెప్పేవారు ఆ రాయికి రెండువైపులా చూస్తే చాలు.

5

ఇక మళ్ళీ విధికుని దగ్గరకు వద్దాం.

అమరావతి స్తూపాన్ని ఏ ఒక్క చక్రవర్తో కట్టించలేదు. పలకలమీద, స్తంభాలమీద, కంచెరాళ్ళమీద దాతల పేర్లున్నాయి. గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్మేవాళ్ళు, భిక్షువులు, భిక్షుణులు, తల్లులు, కూతుళ్ళు. స్త్రీల పేర్లు లెక్కకు మిక్కిలి. కృష్ణ ఒడ్డున ధాన్యకటకం పెద్ద పట్టణం. నది దిగువన సముద్రం, సముద్రంమీద వర్తకం. చేతిలో నాలుగు కాసులు మిగిలిన వృత్తులవాళ్ళు తలా ఒక రాయి ఇచ్చారు. విధికుడు వారిలో ఒకడు.

అతను ఉపాధ్యాయుని కొడుకు, చర్మకారుడు. ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో వుండడం చూసి ఆనాడు కులం లేనే లేదని తేల్చడం తొందరపాటు. వృత్తిని పేరుపక్కన చెప్పుకున్నాడంటే వృత్తినిబట్టి మనిషిని గుర్తించే సమాజమే అది. కాని ఆ వృత్తి చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేని చోటు ఒకటి వున్నదనీ, ఆ చోట అతని రాయి వర్తకుని రాయి పక్కన, భిక్షుణి రాయి పక్కన నిలిచిందనీ మాత్రం ఆ శాసనం సాక్ష్యం చెప్తున్నది. ఇంతకు మించి దానిచేత చెప్పించకూడదు. ఇంతకు తగ్గించనూ కూడదు.

అతను ఇచ్చిన బొమ్మ పూర్ణఘటం. కడుపు బలిసిన కుండ, దాని నోటినుంచి పైకి పొంగివచ్చే తామరపూలు, మొగ్గలు, ఆకులు. నిండుకుండ తొణకదని మన సామెత. అమరావతి కుండ తొణకడమే కాదు, పూలై పొంగుతుంది. ఈ బొమ్మ బౌద్ధులు కనిపెట్టింది కాదు, వారికంటె పాతది. కుమ్మరి సారె, పొలానికి నీరు, గింజ దాచుకునే పాత్ర, గర్భిణి కడుపు, ఇన్ని అనుభవాలు ఒక ఆకారంలో కలిసిన గుర్తు అది. బౌద్ధులు దాన్ని స్తూపం గుమ్మం దగ్గర పెట్టారు. తరువాత దేవాలయశిల్పులు స్తంభాలమీద చెక్కారు. పెళ్ళిలో ఐరేని కుండలయింది. తెలంగాణలో అమ్మవారికి ఎత్తే బోనమయింది. గొప్పవాళ్ళు వూళ్ళోకి వస్తే పురోహితులు పట్టే పూర్ణకుంభమయింది. చివరికి ప్రభుత్వముద్ర అయింది. ఆకారం దాదాపు ఒకటే. పట్టుకున్న చేతులు మారాయి. చేతులు మారినప్పుడల్లా అర్థం కొంత మారింది. కుమ్మరి చేసిన కుండ బ్రాహ్మణుని చేతిలో మంత్రంతో కలిసి పెద్దలకు ఆహ్వానమైతే, అదే కుండ బోనంగా బడుగుస్త్రీ తలమీద అన్నం మోసుకుపోతుంది.

రాళ్ళ గతి కూడా ఇంతే. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తుండగా, ఇటుకలకోసం రాళ్ళకోసం పాతదిబ్బ తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి రాళ్ళను మద్రాసు పంపాడు. అవి ఏళ్ళతరబడి ఎండకూ వానకూ పడివున్నాయి. 1859లో ఓడ ఎక్కాయి. 1867లో ఫెర్గూసన్ కంటపడేనాటికి లండనులో ఒక బండ్లశాలలో వున్నాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. ఈ ప్రయాణంలో వాటికి వచ్చిన పేరు “ఎలియట్ చలువరాళ్ళు”. అవి చలువరాళ్ళు కావు, పల్నాటి సున్నపురాయి. ఎలియట్‌వి అంతకంటె కావు. ఇచ్చినవాళ్ళ పేర్లు రాతిమీద చెక్కివుంటే, పట్టుకుపోయినవాని పేరు ప్రపంచంలో చెలామణి అయింది. మొక్కుబడి రాయి మ్యూజియంలో కళాఖండమైనప్పుడు దాని ముందు వంగిన తలలుండవు. ఖాళీ ఆసనం నిజంగానే ఖాళీ అవుతుంది.

6

1939లో ఎర్విన్ పనోఫ్‌స్కీ అనే కళాచరిత్రకారుడు బొమ్మను మూడు అంచెల్లో చదవాలన్నాడు. దారిన పోయే పరిచయస్థుడు టోపీ ఎత్తడాన్ని ఆయన ఉదాహరణగా ఇచ్చాడు. మొదట మనం చూసేది ఒక కదలిక. రెండవది, అది మర్యాద అనే ఆచారజ్ఞానం. మూడవది, ఆ ఆచారం వెనక వున్న కాలమూ సమాజమూ.

టోపీ మన వూళ్ళ సంగతి కాదు గనక మన ఉదాహరణ మనం తీసుకుందాం. ఒక మనిషి చెప్పులు చేత పట్టుకుని వీధిలో నడుస్తున్నట్టు ఒక చిత్రకారుడు బొమ్మ వేశాడనుకోండి. మొదటి అంచెలో అది ఒక మనిషి, ఒక జత చెప్పులు. రెండో అంచెలో అది దొర ఇంటి ముందునుంచి పోతున్నప్పటి “మర్యాద”. మూడో అంచెలో ఆ చెప్పులు కుట్టినవాడే వాటిని తొడుక్కోరాదని శాసించిన వ్యవస్థ మొత్తం ఆ బొమ్మలో కనిపిస్తుంది. పనోఫ్‌స్కీ ఈ మూడో అంచెను యుగధర్మమన్నట్టు చెప్పి వదిలేశాడు. మనం ఇంకొక ప్రశ్న కలపాలి. ఆ యుగధర్మం ఎవరికి లాభం, ఎవరికి భారం? చెప్పులు చేతబట్టినవాడూ, అరుగుమీద కూర్చుని చూస్తున్నవాడూ ఆ సంకేతాన్ని ఒకే విధంగా చదవరు. ఒకరికి అది మర్యాద, మరొకరికి అవమానం. ఒకే గుర్తులో రెండు వర్గాల అర్థాలు పెనుగులాడుతుంటాయి.

కుండ సంగతి కూడా ఇట్లాగే చదవాలి. నిండు కడవ ఎదురొస్తే శుభశకునమంటారు. కడవ మోసే ఆడదాని మెడనొప్పి ఆ శకునశాస్త్రంలో లేదు. అదే ఆడది విధవ అయితే శకునం తిరగబడుతుంది. కడవ నిండా నీళ్ళున్నా, చూసేవాడి కన్ను ముందు ఆమె నుదుటిమీదకు పోతుంది. మొన్నమొన్నటిదాకా మన మెట్టపొలాల్లో కపిలబావులమీద నీళ్ళు తోడింది తోలుతో. ఆ తోలు ఊనినవాడు, తొండం కుట్టినవాడు చర్మకారుడు. ఊరి పొలానికంతటికీ నీళ్ళెక్కించిన ఆ చేతులు ఊరి మంచినీళ్ళబావి గిలకను మాత్రం ముట్టుకోకూడదు. సమృద్ధికి గుర్తయిన కుండ అతని ఇంట్లో ఎవరో జాలిపడి పోస్తేగాని నిండేది కాదు.

1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో (నేడది బాపట్ల జిల్లా) మాదిగవాడ వాళ్ళు నీళ్ళు పట్టుకునే చెరువులో ఒక భూస్వామికుటుంబపు యువకుడు గేదెలు తాగిన కుడితిబక్కెట్టు కడిగాడు. అదేమిటని అడిగినందుకు కొట్టబోయారు. నీళ్ళకు వచ్చిన ఒక మాదిగస్త్రీ తన బిందె ఎత్తి అడ్డుకున్నది. ఆ బిందె ఎత్తినందుకు జూలై 17న వాడమీద దాడి జరిగింది, ఆరుగురిని చంపారు. అప్పుడున్న రాష్ట్రముద్రలో కూడా పూర్ణకుంభమే వున్నది.

ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడమని నేను విద్యార్థులను కోరుతున్నాను. ఒకటి కాగితంమీద వున్న కుంభం. అందులో సమృద్ధి ఎప్పుడూ పొంగుతూనే వుంటుంది. రెండవది ఆ స్త్రీ చేతిలోని బిందె. ఇంకా నీళ్ళు నిండనిది. రెండవదాన్ని ఏ శిల్పీ చెక్కలేదు. అయినా మన కాలంలో పూర్ణఘటానికి వచ్చిన కొత్త అర్థం అక్కడే వున్నదని నా అభిప్రాయం. విధికుడు తన కుటుంబంతో నిలబడి ఇచ్చిన ఘటానికి వారసత్వం అటువైపు ఎక్కువగా వున్నది.

7

అట్లాగని రాజముద్రనుంచి ఘటాన్ని తీసివేయాలని నేననడం లేదు. 2024లో తెలంగాణ ముద్రనుంచి కాకతీయతోరణాన్నీ చార్మినారునూ తొలగించే ప్రతిపాదన వచ్చినప్పుడు పెద్ద వివాదమే చెలరేగింది. రాజరికపు గుర్తులన్నారు కొందరు, జనం వారసత్వమన్నారు కొందరు. రెండువైపులా గుర్తును రాజుకే వదిలిపెట్టి మాట్లాడినవాళ్ళున్నారు. తోరణం చెక్కిన ఉలి ఎవరిదన్న ప్రశ్న ఆ గొడవలో తక్కువగా వినిపించింది. సంకేతాలు చెరిపేస్తే చరిత్ర చెరగదు, పూజిస్తే తెలియదు. వాటిని చదవడం నేర్చుకోవాలి, నేర్పాలి.

ఉపాధ్యాయమిత్రులకు నా సూచన ఒకటే. విద్యార్థులను అమరావతి మ్యూజియానికో, చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో తీసుకుపోయినప్పుడు “ఇది సమృద్ధికి చిహ్నం, ఇది ధర్మానికి చిహ్నం” అని పట్టిక చెప్పకండి. ఒక్క రాయి ముందు అరగంట నిలబెట్టండి. మొదట కనిపించేదంతా చెప్పించండి: ఎంతమంది మనుషులున్నారు, ఎవరు వంగారు, ఎవరు నిలబడ్డారు, గొడుగు ఎవరిమీద వున్నది, మధ్య ఎవరు లేరు. ఆ తరువాత ఆ గుర్తు అంతకు ముందు ఎక్కడ వుండేదో, తరువాత ఎక్కడికి పోయిందో చెప్పండి. దీన్ని ఎవరు చెక్కారు, ఎవరు డబ్బిచ్చారు, ఎవరు మొక్కారు, ఎవరు మొక్కడానికి వీలులేకపోయింది, చివరికి ఎవరు పట్టుకుపోయారు అని అడిగించండి. ఈ ప్రశ్నలన్నీ అయిన తరువాత గీతలోని ఒంపును చూడమనండి. అప్పుడా ఒంపు మునుపటికంటె అందంగా కనిపిస్తుంది. సామాజికదృష్టి కళానుభవాన్ని చంపుతుందనే అపవాదుకు అంతకంటె మంచి జవాబు లేదు.

ధ్వని తెలుసుకునేవాణ్ణి మన ఆలంకారికులు సహృదయుడన్నారు. ఆ సహృదయుడు రాజసభలో కూర్చున్నవాడని వాళ్ళు అనుకున్నారు. అమరావతి రాళ్ళు వేరే మాట చెప్తున్నాయి. పూర్ణఘటం అర్థం తెలిసి, దాన్ని కోరి చెక్కించి, కింద తన పేరూ తన వృత్తీ రాయించినవాడు ఒక చర్మకారుడు. పలక దగ్గరకు వెళ్ళినప్పుడు పూలు చూసి తిరిగిరాకుండా, వంగి ఆ కింది అక్షరాలు కూడా చూడాలి.